పన్నెండు గంటల బ్యాగు

"చేప ఎంతుంది?" అని అడిగాను.

లాకప్ ఊచల వెనక కింద కూర్చున్న ఏసుపాదం తలెత్తి చూశాడు. నిన్న మధ్యాహ్నం నుంచి అతన్ని అడిగినవి మూడే ప్రశ్నలు. ఎందుకు చంపావు, దేంతో కొట్టావు, ఎన్నింటికి కొట్టావు. చేప సంగతి ఎవరికీ పట్టలేదు.

"ఏ చేపండీ?"

"నీ బండిలో చచ్చినవి. ఒక్కోటి ఎంతుందో వేలు పెట్టి చూపించు."

చిటికెన వేలు చాపి, గోరు కింద గీత గీసినట్టు చూపించాడు. పూర్తి వేలు కూడా కాదు.

"మోపిదేవి చెరువు వాళ్ళు అడిగిందేంటి?"

"జానెడులో సగం ఉండే శీలావతి పిల్లలండీ. ఒక్కోటి పదహారు గ్రాములు తూగాలి. తొమ్మిదేళ్ళ నుంచి అదే సైజు తోలుతున్నా వాళ్ళకి."

"మరి వేలెడు లేని పిల్లల్ని ఎందుకు తోలావు?"

"నాకేం తెలుసు నసీమా గారూ. నేను వెళ్ళేసరికి నలభై బ్యాగులూ అట్టపెట్టెల్లో పెట్టేసి, షెడ్డు బయట అరుగు మీద పేర్చేసి ఉన్నాయి. పెట్టె మూత తీసి చూస్తామా? మోపిదేవిలో కోసి చూస్తే అయి."

నిన్న ఉదయం ఎనిమిదింటికి, ముదినేపల్లి రోడ్డులో చేపపిల్లల కేంద్రం నడిపే ఆదినారాయణ తన సిమెంటు తొట్టిలో బోర్లా పడి ఉండగా కూలీలు చూశారు. తల వెనక దెబ్బ. ఆక్సిజన్ సిలిండర్ తిప్పే ఇనప పానా తొట్టి అడుగున దొరికింది. ముందురోజు రాత్రి పదికీ, తెల్లవారి ఐదుకీ మధ్య చనిపోయి ఉంటాడని డాక్టరు రాశాడు. అక్కడికి చివర వెళ్ళినవాడు డ్రైవర్ ఏసుపాదం. పట్టుకొచ్చారు. ఇవాళ మూడున్నరకి జడ్జిగారి ముందు నిలబెడతారు. తర్వాత జైలు. బెయిలు ఎప్పటికి వస్తుందో, వస్తుందో రాదో. అతని భార్య బుల్లెమ్మ తెల్లవారుజామునే మొదటి బందరు బస్సెక్కి మా ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడింది. ఏడవలేదు. "మా ఆయన చేప చస్తేనే అన్నం తినడండీ," అంది. అంతే అంది.

నేను పోలీసుని కాదు. నా చదువు పదో తరగతి. చెరువుల్లో చేపలు ఎందుకు చచ్చాయో తేల్చడం నా పని, పదిహేనేళ్ళుగా. మనుషులు చస్తే పిలవడం ఈ మధ్యే మొదలైంది.

"ఎన్నింటికి వెళ్ళావు షెడ్డుకి?"

"నాలుగూ ముప్పై ఐదుకి గుడివాడ బంకులో డీజిల్ కొట్టించా. రసీదుంది. పోలీసులు తీసుకున్నారు. ఐదుకి పది నిమిషాల ముందు షెడ్డు దగ్గరున్నా."

"ఆదినారాయణ గారితో మాట్లాడావా?"

"లేదండీ. లోపల లైటు వెనకాల నిలబడున్నారు, అటు తిరిగి. తలకి తువ్వాలు చుట్టుకుని. ఐపోవచ్చిన సిలిండర్ బుస్సుమంటోంది. నేను పెట్టెలన్నీ ఎక్కించాక, ఇక పో అన్నట్టు చెయ్యి ఊపారు."

"మొహం చూశావా?"

నుదురు రుద్దుకున్నాడు.

"ఒకటి మాత్రం ఉందండీ. మొదటి పెట్టె ఎప్పుడూ అయ్యగారే ఎత్తి బండిలో పెడతారు. తన చేత్తో పెట్టందే బండి కదలనివ్వరు. నిన్న అది చెయ్యలేదు. ఒంట్లో బాలేదేమో అనుకున్నా."

"ఐదూ ఐదుకి బయల్దేరితే పదకొండుకా మోపిదేవి చేరేది? రెండు గంటల దారి."

"మొవ్వ దగ్గర టైరు పోయింది. స్టెపినీ కూడా గాలి లేదు. పంచరు కొట్టు తీసేసరికి ఎనిమిదిన్నర. ఐనా భయపడలేదండీ నేను. నీళ్ళూ ఆక్సిజనూ నింపి కట్టిన పన్నెండు గంటల బ్యాగు కదా, సాయంత్రం దాకా ఢోకా లేదనుకున్నా. కోసి చూస్తే పై నుంచి కింది దాకా తెల్లగా తేలిపోయినయి. అక్కడక్కడా ఒకటీ అరా నోరు తెరుస్తా ఉంది."

అతన్ని జైలుకి పంపుతున్నది ఆ పన్నెండు గంటలే. పంపుతున్నది సీఐ ప్రీతి.

*

ప్రీతి గురించి చెప్పాలంటే నాకు నోరు చేదెక్కుతుంది. ఐనా చెబుతాను.

బందరులో ఇద్దరిదీ ఒకే బడి, ఒకే బెంచీ. పదిలో నాకు ఐదొందల ముప్పై ఒకటి. దానికి ఐదొందల పద్నాలుగు. ఆ అంకెలు నా చావుదాకా నాతోనే ఉంటాయి. అది చేపల కాలేజీకి వెళ్ళింది. నేను మా అమ్మతో చేపపిల్లల ప్యాకింగ్‌కి వెళ్ళాను. అది డిగ్రీ చేసి, పరీక్ష రాసి, ఎస్సై అయి, సీఐ అయింది. నేను పాత పుస్తకాల బండి మీద చదువుకున్నాను. ఒకరోజు ఆ బండి మీదే, లావుపాటి చేపల పుస్తకం మొదటి పేజీలో దాని పేరు కనిపించింది. తూకానికి అమ్మేసింది. తూకానికే కొన్నాను. ఎనిమిదేళ్ళుగా నా దిండు పక్కనుంది.

ఇవాళ్టి పేపర్లో దాని ఫొటో వచ్చింది. పైన పెద్ద అక్షరాలతో, 'చేపలు అబద్ధం చెప్పవు' అని దాని మాటే. బ్యాగుకి కిలో చేప వేస్తే ఆక్సిజన్ పన్నెండు గంటలు వస్తుంది. పదకొండింటికి చేపలు చచ్చాయంటే బ్యాగు కట్టింది ముందురోజు రాత్రి పదకొండింటికి. ఏసుపాదం ఐదింటికి వచ్చానంటున్నది అబద్ధం. రాత్రే వచ్చాడు, యజమానితో కలిసి కట్టాడు, గొడవపడి చంపాడు, తెల్లవారేదాకా ఆగి అప్పుడే వచ్చినట్టు నటించాడు. ఇదీ దాని లెక్క.

బస్సులో ఆ పేపరు నాలుగుసార్లు చదివాను. మొదటిసారి కేసు కోసం. మిగతా మూడుసార్లు ఫొటో కోసం.

*

షెడ్డుకి ఒంటిగంటా పదిహేనుకి చేరాను. ప్రీతి జీపు అప్పటికే ఉంది. గుమ్మంలో కుర్చీ వేసుకుని ఆదినారాయణ తమ్ముడు నరసింహారావు కూర్చున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. గుడివాడలో ఆఫీసు పని, బిల్లులు, కంప్యూటరు అతనివి. చేపల పని అన్నగారిది. ఊళ్ళో అందరూ చెప్పే మాటే అది.

"మీకేం కావాలమ్మా?" అన్నాడు.

"ఏసుపాదం తరఫున వచ్చాను. తొట్లు చూడాలి."

"చంపినోడి తరఫున వచ్చి చచ్చినోడి ఇంట్లో తిరుగుతారా?"

"రానివ్వండి నరసింహారావు గారూ," అని లోపల్నుంచి ప్రీతి గొంతు. "నాకు తెలిసినావిడే."

తెలిసినావిడ. ఐదొందల ముప్పై ఒకటికి అది పెట్టిన పేరు.

లోపల వరసగా ఐదు సిమెంటు తొట్లు. పైపుల్లోంచి నీళ్ళు సన్నగా పడుతున్నాయి. ప్రతి తొట్టికీ ఒక పలక వేలాడుతోంది, దాని మీద సుద్దతో ఏ ఊరికి ఏ సైజు ఎన్ని కిలోలో రాసి ఉంది. పంపే ముందు రెండు రోజులు పిల్లల్ని మేత లేకుండా తొట్లో ఉంచుతారు. కడుపు ఖాళీగా లేకపోతే బ్యాగులో నీళ్ళు పాడవుతాయి. ఖాళీ చేసిన తొట్టి పలక తుడిచేస్తారు. ఇది మా అమ్మ రోజుల నుంచీ ఉన్న పద్ధతి.

రెండో తొట్టి చుట్టూ పోలీసులు తాడు కట్టారు. శవం దొరికింది అందులోనే.

"ఏం కనిపెట్టావు?" అంది ప్రీతి. యూనిఫాం మడత నలగలేదు. నేను బస్సులో నలిగి, చెప్పులకి మోపిదేవి బురదతో నిలబడ్డాను.

"పొద్దున ఏడింటికి మోపిదేవి చెరువు గట్టు మీదున్నాను. నువ్వు వెళ్ళావా అక్కడికి?"

"ఎస్సై వెళ్ళాడు. ఒక బ్యాగు సీలు వేసి ల్యాబుకి పంపాం. కిలో ఉంది. తూచాడు."

"తూచాడు. చూశాడా?"

ప్రీతి నా సంచీ వైపు చూసింది.

"చెరువు కాపలా మనిషి మీ ఎస్సైకి చెప్పాడంట, మేం అడిగిన సైజు ఇది కాదండీ అని. చచ్చిన చేపకి సైజేంట్రా అన్నాడంట మీవాడు. రాసుకోలేదు."

సంచీలోంచి స్టీలు క్యారియర్ తీశాను. మూత తీసి, ఐసులో పెట్టిన ఇరవై చేపపిల్లల్ని అక్కడే ఉన్న చిన్న త్రాసు మీద పోశాను. ప్రీతి వంగి చూసింది. నరసింహారావు కూడా కుర్చీలోంచి లేచి వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు.

ఇరవై ఒక్క గ్రాములు.

"ఇరవై పిల్లలు ఇరవై ఒక్క గ్రాములు," అన్నాను. "ఒక్కోటి గ్రాము. ఆర్డరు పదహారు గ్రాములది. నీ పన్నెండు గంటలు పదహారు గ్రాముల పిల్లకి. గ్రాము పిల్లకి కాదు."

"బరువు కిలోనే కదా?"

"కిలోనే. గేదె తెలుసా నీకు?"

"నసీమా."

"నాలుగొందల కిలోల గేదె రోజుకి పది కిలోల ఎండుమేత తింటుంది. నాలుగొందల కిలోలకి సరిపడా కోళ్ళు పెంచు. ఎంత తింటాయి? కిలోన్నర కోడికి వంద గ్రాములేసుకున్నా పాతిక కిలోలు దాటుతుంది. బరువు అంతే, మేత రెండింతల పైన. ప్రాణం చిన్నదయ్యే కొద్దీ కిలోకి కిలో ఎక్కువ మండుతుంది. ఎలక గుండె చూడు, ఏనుగు గుండె చూడు. పసిపిల్ల ఊపిరి చూడు, నీ ఊపిరి చూడు. చేపైనా అంతే. చిన్నపిల్ల కిలోకి ఎక్కువ ఆక్సిజన్ తాగుతుంది."

"ఆ సంగతి ఎవరికి తెలీదు? ఎంత ఎక్కువ? అది చెప్పు. కోర్టులో గేదె కబుర్లు నడవవు."

అదే అడగాలని నేను పొద్దుట్నుంచి కాచుకుని ఉన్నాను. సంచీలోంచి పుస్తకం తీసి, గుర్తు పెట్టిన పేజీ తెరిచి, త్రాసు పక్కన పెట్టాను. మొదటి పేజీ కూడా తిప్పి చూపించాను. నీలం సిరాతో దాని పేరు, దాని క్లాసు, దాని దస్తూరీ.

ప్రీతి మొహం మారింది. నాకు లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. అబద్ధం ఎందుకు, చాలా చల్లగా అనిపించింది.

"నీ పుస్తకమే. ఈ పేజీ ఒక్కటీ గీత పడకుండా తెల్లగా ఉంది. పరీక్షకి రాదని వదిలేసి ఉంటావు. ఒంటి బరువు పదహారు రెట్లు తగ్గితే కిలోకి కావలసిన గాలి పదహారు రెట్లు పెరగదు, ఎనిమిది రెట్లూ పెరగదు. పదహారుకి వర్గమూలం నాలుగు. నాలుగుకి మళ్ళీ వర్గమూలం రెండు. రెట్టింపు. బ్యాగు పట్టే ఆక్సిజన్ ఒకటే, తాగేది రెట్టింపు. పన్నెండు గంటలది ఆరు గంటల్లో ఐపోతుంది. పదకొండులోంచి ఆరు తియ్యి."

ప్రీతి చేప ఒకటి వేళ్ళతో ఎత్తి చూస్తోంది.

"ఐదు," అన్నాను. "ఏసుపాదం చెప్పింది కూడా ఐదే."

"చేపలకి ఆ లెక్క అంత కచ్చితంగా ఉండదు. కొన్ని జాతులకి కొంచెం అటూ ఇటూ."

"అటూ ఇటూ అరగంట వేసుకో. గంట వేసుకో. రాత్రి పదకొండు అవుతుందా?"

"అవదు," అంది.

ఒప్పుకుంది. అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని నేను అనుకోలేదు. పోట్లాడితే బావుండేది.

"సరే," అంది మెల్లగా, "మిగతాది స్టేషన్లో మాట్లాడదాం. పద." కళ్ళతో గుమ్మం వైపు సైగలాంటిది చేసింది.

ఓటమి నలుగురి ముందూ వద్దనుకుంటోంది, అనుకున్నాను. ఆదినారాయణ తమ్ముడి ముందు, బయట నిలబడ్డ కానిస్టేబుళ్ళ ముందు. పేపర్లో ఫొటో మాత్రం నలుగురూ చూడాలి. నాకు ఒళ్ళు మండింది.

"ఇక్కడే మాట్లాడదాం," అన్నాను. గొంతు పెంచాను. "తాడు కట్టిన రెండో తొట్టి పలక చదువు."

ప్రీతి కదల్లేదు. నేనే చదివాను. "మోపిదేవి. పదహారు గ్రాములు. నలభై కిలోలు. పలక ఎందుకు తుడవలేదు? చేపలు ఇంకా అందులోనే ఉన్నాయి కాబట్టి. చూడు." వలతో ఒక్కసారి ముంచి ఎత్తాను. జానెడులో సగం ఉన్న శీలావతి పిల్లలు వలనిండా ఎగిరాయి. "మోపిదేవికి పోవలసిన చేప ఒక్కటీ ఈ తొట్టి దాటలేదు. నాలుగో తొట్టి చూడు, గ్రాము పిల్లల తొట్టి. సగానికి పైగా ఖాళీ. ఇవి పక్కన పెట్టి అవి ఎందుకు కట్టారు?"

"శవం," అంది ప్రీతి. గొంతు తగ్గించి అంది.

"శవం. ఆదినారాయణ గారు అప్పటికే ఇందులో ఉన్నారు. శవం ఉన్న తొట్లో వలేస్తే శవానికి తగులుతుంది. చంపినవాడికి చేతులు రాలేదు. కానీ బండి పంపకపోతే డ్రైవర్ లోపలికొస్తాడు. అందుకని నాలుగో తొట్లో దొరికిన పిల్లల్ని కట్టి, పెట్టెలు బయట పేర్చి, ఆయన తువ్వాలు చుట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు. ఏసుపాదం నాలుగూ ముప్పై ఐదుకి గుడివాడ బంకులో ఉన్నాడు, రసీదు నీ దగ్గరే ఉంది. ఐదుకి పది నిమిషాల ముందు వచ్చి, ఐదూ ఐదులోపు నలభై బ్యాగులు కట్టగలడా? ఒక్క మనిషికి గంటంపావు పని."

"రసీదు నకిలీ ఐతే? వాడే నాలుగింటికి వచ్చి..."

"బంకులో కెమెరా ఉంటుంది, చూసుకో. ఇంకోటి విను. తొమ్మిదేళ్ళు చేపపిల్లల్ని తోలినవాడు గ్రాము పిల్లల్ని బ్యాగుకి కిలో వేస్తాడా? ప్యాకింగ్ చేసే ఆడది ఎవరైనా వేస్తుందా? మా అమ్మకి అక్షరం ముక్క రాదు, వర్గమూలం అంటే మూలికనుకునేది. ఐనా పిల్ల చిన్నదైతే బ్యాగులో సగమే పోసేది. చేతికి తెలుసు ఆ లెక్క. కిలో వేసినవాడు చేప తెలిసినవాడు కాదు. బ్యాగుకి కిలో అని ఎక్కడో చదివినవాడు."

నరసింహారావు దగ్గాడు. "మజ్జిగ తెప్పించమంటారా సీఐ గారూ? ఎండలో వచ్చారు."

"వద్దండీ," అంది ప్రీతి. "నసీమా, బయటికి రా. ఒక్క నిమిషం."

"వస్తాను. ఇది చూపించి వస్తాను." సంచీలోంచి రెండు ప్లాస్టిక్ మూతులు తీశాను. బ్యాగు కోసేటప్పుడు ముడి కింద కోస్తారు, మూతి ముడితో సహా గట్టు మీద పడి ఉంటుంది. "ప్యాకింగ్ తెలిసినవాళ్ళు మూతి మెలితిప్పి, మడిచి, రబ్బరు నాలుగు చుట్లు చుడతారు. ఇది చూడు. మడత లేదు. కాగితాల కట్టకి చుట్టినట్టు ఏడు చుట్లు. ఇది ఎవరి చెయ్యో నాకు తెలీదు. ఇబ్రహీంకి తెలుస్తుంది. ఈ షెడ్డులో హెడ్డు ప్యాకర్ అతనే. ఇక్కడ ముడి వెయ్యడం నేర్చుకున్నవాళ్ళందరికీ అతనే నేర్పాడు. ముడి చూసి మనిషి పేరు చెబుతాడు. వాళ్ళమ్మ కంటి ఆపరేషన్‌కని మొన్న బందరు వెళ్ళి, కబురు తెలిసి నిన్న రాత్రే గుడివాడ వచ్చాడు. మూడింటికి కోర్టు దగ్గరకి రమ్మని వాళ్ళావిడతో చెప్పాను. ఈ మూతులు అతని చేతిలో పెడతాను. నీ కేసు అక్కడే ఐపోతుంది."

టైము చూశాను. ఒంటిగంటా నలభై రెండు.

"నేను లాయరు గారికి ఒక ఫోన్ చేసుకుని వస్తానండీ," అని నరసింహారావు బయటికి నడిచాడు. "మీరు కానివ్వండి."

ప్రీతి అతను వెళ్ళినవైపే చూస్తూ నిలబడింది. తర్వాత ఫోన్ తీసి, బంకు కెమెరా రికార్డు వెంటనే తెమ్మని ఎస్సైకి చెప్పింది. తర్వాత కోర్టులో ప్రభుత్వ వకీలుకి చేసింది. వాయిదా అడగాలంటే కాగితం మీద ఒక సాక్షి ఉండాలన్నాడట. డిగ్రీ లేని మనిషి లెక్క చాలదు. ముడి గుర్తుపట్టే ఇబ్రహీం వస్తే చాలు.

"వస్తాడు," అన్నాను. గెలిచాను కదా, తీరిగ్గా షెడ్డు చూడటం మొదలుపెట్టాను. ఎక్కడ ఏముందో ఒక్కోటీ తడిమాను. పానా తగిలించే మేకు. తడి గోనెలు. ఎండిన రబ్బర్లు. త్రాసుకి పైన గోడ మీద ప్లాస్టిక్ అతికించిన కార్డు ఒకటుంది. కంప్యూటర్లో కొట్టిన అక్షరాలు. 'బ్యాగుకి 1 కిలో. 12 గంటలు.' సైజు ఊసు లేదు. కింద నరసింహారావు సంతకం.

చేప తెలిసినవాడు కాదు. ఎక్కడో చదివినవాడు. రాసినవాడు.

"ప్రీతీ."

"చూశాను," అంది. "పొద్దున్నే చూశాను ఆ కార్డు. అప్పటికి దానర్థం తెలీదు. నువ్వు గ్రాము పిల్లలు త్రాసులో పొయ్యగానే తెలిసింది. ఆ మూలనున్న బోర్డు తిప్పు."

సిలిండర్ల వెనక, గోడకి మొహం పెట్టి, మనిషెత్తు రేకు బోర్డు నిలబెట్టి ఉంది. తిప్పాను. కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. 'ఆదినారాయణ – ఇబ్రహీం చేపపిల్లల కేంద్రం.'

"బోర్డు రాసినతను చెప్పాడు," అంది ప్రీతి. "మొన్న సాయంత్రం తెచ్చి దింపాడంట. ఇరవై ఏళ్ళ నుంచి నా కుడిచెయ్యి ఇబ్రహీమే, పేరు వాడిదే ఉండాలి అన్నాడంట పెద్దాయన. తమ్ముడు అక్కడే నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదంట. నవ్వాడంట."

ఆ నవ్వు నాకు తెలుసు. మొదటి మార్కు నాది, కాలేజీ సీటు దానిదని తెలిసిన రోజు నేనూ అలాగే నవ్వాను. తన పేరు ఉండాల్సిన చోట పక్కవాడి పేరు చూసినవాడికి కడుపులో ఏం రగులుతుందో చేపల పుస్తకం చదివి తెలుసుకోనక్కర్లేదు.

"నీకు అతని మీద అనుమానం ఉందా?" అన్నాను. "మరి నన్ను ఎందుకు మాట్లాడనిచ్చావు?"

"మాట్లాడనిచ్చానా?" ప్రీతి గొంతు పెరగలేదు. "స్టేషన్‌కి పద అన్నాను. కళ్ళతో చెప్పాను. బయటికి రా అన్నాను. నువ్వు నన్ను ఓడించే పనిలో ఉన్నావు. చెవులు ఎక్కడ ఉన్నాయి? ఫోన్ చేసుకుని వస్తానన్న మనిషి ఇంకా రాలేదు."

బయటికి పరిగెత్తాను. గుమ్మంలో కుర్చీ ఖాళీ. అరుగు పక్కన నీడలో ఉండాల్సిన తెల్ల కారు లేదు.

"చిన్నయ్యగారు ఎప్పుడు వెళ్ళారు?" అని కానిస్టేబుల్‌ని అడిగాను.

"ఒంటిగంటా నలభై ఐదుకేనండీ. లాయరు గారిని తీసుకొస్తానని."

ఇప్పుడు రెండూ పది. ఇక్కణ్ణుంచి ఇబ్రహీం ఇంటికి పదిహేను నిమిషాలు. ఫోన్ తీసి నంబరు నొక్కాను. అవతల ఇబ్రహీం భార్య మరియం ఎత్తింది. వెనకాల టీవీ మోగుతోంది.

"మరియం, ఇబ్రహీం ఉన్నాడా?"

"ఇంకా రాలేదాండీ మీ దగ్గరకి? ఇప్పుడే పది నిమిషాలైంది బయల్దేరి."

"దేంట్లో?"

"చిన్నయ్యగారి కారులో. పాపం, అంత దుఃఖంలో ఉండి కూడా ఆయనే స్వయంగా వచ్చారు. ఏదో ముడి చూపించాలంట కదా. మావారు దారి పొడుగునా నవ్విస్తారులెండి ఆయన్ని. ఆయనకి బ్యాగు కట్టడం నేర్పింది ఈయనేగా. వారం రోజులు నేర్పినా కాగితాల కట్టలాగే చుట్టేవారంట."

ప్రీతి అప్పటికే జీపు స్టార్ట్ చేసింది. తలుపు తీసి పట్టుకుంది.

"మరియం, ఎటు వెళ్తున్నామని చెప్పారు?"

"చెప్పలేదండీ. మావారు కూడా అడగలేదు." టీవీ గొంతు తగ్గించినట్టుంది, మాట స్పష్టంగా వినపడింది. "మీరు రమ్మన్నారని చెప్పారుగా. మీ పేరు చెప్పాకే కారెక్కారు."